వకాండా బాబాయి

బైలడిల్లా కొండల్లో ఇనుపరాయి ఉన్నంతకాలం వకాండా బాబాయికి కొరత రాదు. కిరండూల్‌లో ఒకడు, బచేలిలో ఒకడు తప్పనిసరి. జగదల్‌పూర్‌లో అయితే పేటకొకడు. వాళ్ల నాన్న కొత్తవలస నుంచి రైలు లైను వేసే రోజుల్లో విజయనగరం వైపు నుంచి వచ్చుంటాడు. 1968లో గని మొదలయ్యాక ఇక్కడే పాతుకుపోయుంటాడు. కొడుక్కి ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ వంటబట్టాయి. లోకజ్ఞానం మాత్రం కామిక్సుల్లోంచి వచ్చింది. చిన్నప్పుడు అద్దెకొట్లో నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ. ఉద్యోగం వచ్చాక మార్వెల్, డీసీ. ఇప్పుడు యాభై దాటాయి, బట్టతల, బీపీ. పీఎఫ్ లెక్క నోటికొచ్చు. ఎక్స్‌మెన్ వంశవృక్షం అంతకన్నా బాగా వచ్చు.

ఆయన్ని కదపాలంటే ఒక్క మాట చాలు: "ఈ వయసులో బొమ్మల పుస్తకాలేటి బాబాయి?"

"బొమ్మలేటిరా, అది రాజకీయం!" అని టీ గ్లాసు బల్ల మీద ఠకీమని పెడతాడు. "1940 డిసెంబరు. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనేలేదు. జో సైమన్, జాక్ కిర్బీ అని ఇద్దరు యూదుల కుర్రాళ్లు, కెప్టెన్ అమెరికా చేత మొదటి సంచిక అట్ట మీదే హిట్లర్ దవడ పగలగొట్టించారు. ఆఫీసుకి బెదిరింపులొచ్చాయి. న్యూయార్క్ మేయరు లాగార్డియా స్వయంగా ఫోన్ చేసి, మీకేం కానివ్వనన్నాడు. అదీ దమ్మంటే!" ఆ ఫోను తానే ఎత్తినట్టు కాలరు సర్దుకుంటాడు.

హిట్లర్ తరవాత సూపర్‌మాన్ వస్తాడు. అది బాబాయి సొంత సరుకు, ఎందుకంటే కథ గనిలో జరుగుతుంది. 1938 ఆగస్టు, యాక్షన్ కామిక్స్ మూడో సంచిక. గని కూలిపోయి కార్మికుడొకడు చిక్కుకుపోతాడు. యజమానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా ఇంట్లో విందు పెట్టుకుంటాడు. సూపర్‌మాన్ గని కార్మికుడి వేషంలో అక్కడికి వెళ్తాడు, ఆ విందులో ఉన్న పెద్దమనుషులందరూ సరదాకని గనిలోకి దిగుతారు. వాళ్లు దిగాక సూపర్‌మాన్ దారి కూల్చేస్తాడు. యజమాని అలారం లాగితే అది పలకదు. ఇంకేముంది, సూటుబూట్లతో పారలు పట్టి తవ్వుకోవడమే. ఈ ఘట్టం దగ్గర బాబాయి లేచి నిలబడి, లేని పారతో తవ్వి చూపిస్తాడు. పక్క బెంచీవాళ్లు కాళ్లు ముడుచుకుంటారు. అప్పటి సూపర్‌మాన్‌కి అంతరిక్షంలో పనేమీ లేదు, భూమ్మీద దొంగ సెనేటర్లే సరిపోయేవారు. నన్నడిగితే ఆ తొలి సూపర్‌మానే అసలువాడు. తరవాత పెద్దింటి అల్లుడిలా మెత్తబడిపోయాడు.

దంతెవాడ కాలేజీలో చదివే కుర్రాడొకడు ఇదంతా శ్రద్ధగా విని, "మరి మన శంఖిని నది వానాకాలం గని మట్టితో ఎర్రగా పారుతుంది కదా, బాబాయి. దాని మీద కథ ఉంటే?" అన్నాడు.

బాబాయి కూర్చున్నాడు. "నెమ్మదిరా నాయనా! గోడలకి చెవులుంటాయి."

"ఇది టీ కొట్టు బాబాయి, గోడల్లేవు."

"మరీ ప్రమాదం."

ఈ జాతి లక్షణమే అది. దూరాన్నిబట్టి ధైర్యం. కామిక్సుల్లోని గోథమ్ నగరం మేయరు అవినీతిపరుడని ఎక్కడైనా, ఎంత గట్టిగానైనా అంటాడు. కిరండూల్ వార్డు మెంబరు సంగతెత్తితే, "మంచాయనే, పిల్ల పెళ్లికి కూడా వచ్చాడు" అంటాడు.

1954లో అమెరికాలో కామిక్స్ కోడ్ అని ఒకటి వచ్చింది. సెనేట్ విచారణలకి జడిసి ప్రచురణకర్తలు తమకు తామే వేసుకున్న గొలుసు. పోలీసుల్ని, జడ్జీల్ని, ప్రభుత్వాధికారుల్ని చులకన చేయకూడదని అందులో ఒక నియమం. ఆ కోడ్ పేరెత్తితే బాబాయి పళ్లు నూరతాడు. 1971లో మత్తుమందుల కథ కోసం స్పైడర్‌మాన్ దాన్ని ధిక్కరించి మూడు సంచికలు ముద్ర లేకుండా వచ్చాడని పండగ చేస్తాడు. ఆ కథ రాయమని కోరింది ప్రభుత్వ ఆరోగ్య శాఖేనన్న సంగతి మాత్రం మింగేస్తాడు. 2011లో అమెరికాలో ఆ కోడ్ పోయింది. బాబాయి ఒంట్లో నిక్షేపంలా ఉంది.

పేరు ఎలా వచ్చిందంటారా? మార్వెల్ కథల్లోని ఊహారాజ్యం వకాండా అంటే ఆయనకి పడిచచ్చేంత ఇష్టం. అడవి, ఆ అడవి కింద ఎవరికీ లేని లోహం, దాన్ని కాపాడుకునే రాజు. "అది మన బస్తరే కదరా!" అంటాడు. అంటాడు గానీ, ఆ రాజు అచ్చులో మొదట కనబడింది 1966 జులై సంచికలో. అదే ఏడాది మార్చి 25న జగదల్‌పూర్ రాజమహల్‌లో పోలీసు కాల్పులకి బస్తర్ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ చనిపోయాడు, ఆయనతోపాటు ఆదివాసులూ. కుర్రాడు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి, "ఈ రాజు కథ ఎప్పుడూ చెప్పవేటి?" అనడిగాడు.

"దానికి బొమ్మలెవరు వేశార్రా?"

ఆ ఒక్క జవాబూ తీసెయ్యదగ్గది కాదు. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధుర్‌ని ఊరూరా తలుచుకుంటారు, కానీ బాబాయి అలమారలో అతనికి అరంగుళం చోటు లేదు.

చోటున్నది బహదూర్‌కి. ఇంద్రజాల్ కామిక్స్‌లో ఆబిద్ సుర్తీ 1976లో పుట్టించిన వీరుడు. కాషాయం కుర్తా, జీన్సు. ఊరి జనంతో దళం కట్టి బందిపోట్ల మీదికి నడిపిస్తాడు. "పౌరుడే సైనికుడు! ఇలగుండాలి!" అని బాబాయి పొంగిపోతుంటే, "2005లో మన దగ్గర మావోయిస్టుల మీదికి సల్వాజుడుం అలాగే కదా మొదలైంది. పల్లెలు ఖాళీ అయ్యాయి. 2011లో సుప్రీంకోర్టు వద్దంది" అన్నాడు కుర్రాడు. బాబాయికి హఠాత్తుగా టీలో పంచదార తక్కువైంది.

ఆయన గుండె రాయనుకోకండి. 1970 గ్రీన్ లాంటర్న్ సంచికలో ఒక ముసలి నల్లవాడు హీరోని నిలదీసే పేజీ ఉంది. రంగురంగుల గ్రహాలవాళ్ల కోసం పాటుపడ్డావు, మరి మా నల్లవాళ్ల కోసం ఏం చేశావని. హీరో తల దించుకుంటాడు. ఆ పేజీ చూపించినప్పుడల్లా బాబాయి కళ్లు చెమరుస్తాయి. కళ్లు తుడుచుకుని సంచీ తీసుకుని సంతకి వెళ్తాడు. తెల్లారకముందే అడవిలోంచి నడిచొచ్చిన ముసలమ్మ దగ్గర చింతపండు బేరమాడి రెండు రూపాయలు తగ్గిస్తాడు. ఆపైన కొసరు అడుగుతాడు.

చివరికి కుర్రాళ్లే పట్టుబట్టారు. బస్తర్ సూపర్‌హీరో కామిక్సు మనమే వేద్దాం, కథ నువ్వే చెప్పమన్నారు. బాబాయి వారం రోజులు సెలవు పెట్టాడు. నోటుబుక్కుతో వచ్చి ముందు షరతులు చదివాడు. కొండకి పేరుండకూడదు. నదికి రంగుండకూడదు. విలన్ వేరే గ్రహంవాడై ఉండాలి. ఖాకీ బట్ట కనబడకూడదు, ఆకుపచ్చ యూనిఫాం అసలే కనబడకూడదు. తుపాకీ ఏ వైపుదైనా వద్దు.

"మరి హీరో ఏటి చేస్తాడు బాబాయి?"

బాబాయి పేజీ తిప్పి చూసుకున్నాడు. "జూన్ 5న మొక్కలు నాటతాడు. రిబ్బను పెద్దసారు కత్తిరిస్తారు."