బాసన్న

కోసిగి పక్క బసన్నలకు కొదవ లేదు. ఉరుకుంద ఈరన్నస్వామి పేరు పెట్టుకున్నవాళ్లయితే వీధికి నలుగురు. బాసన్న అనే పేరు మాత్రం అమ్మానాయనలు పెట్టేది కాదు. ఇంట్లోకి సబ్ ఊఫరు దిగిన నెల లోపల వీధి పెడుతుంది. ఊరికొకడు తప్పక ఉంటాడు; ఆదోని, ఎమ్మిగనూరుల్లో పేటకొకడు. నలభై దాటిన మనిషి, నాలుగెకరాల నల్లరేగడి, ముందుగదిలో మూడు ఆంప్లిఫయర్లు. ఒకటి పాడుతుంటుంది, ఒకటి రిపేరులో ఉంటుంది, మూడోది అమ్మకానికి ఉంటుంది. ఏది ఏదన్నది వారం వారం మారుతుంది.

ఆ ఇంటికి పోయినవాడికి మంచినీళ్ల కంటే ముందు కుర్చీ చూపిస్తారు. దాని నాలుగు కాళ్ల చుట్టూ బండల మీద చాక్‌పీసు గీతలుంటాయి. "కదలద్దప్పా. తల గోడకు ఆనించద్దు. ఇప్పుడు విను." మంత్రాలయం దారిలో ఉన్న ఊరు కదా, భీంసేన్ జోషి పాడిన కన్నడ దాసర పదాలు పెడతాడు. తంబూరా మీటుతుంది. జోషిగారు గొంతెత్తబోతుండగా పాట ఆగిపోతుంది. "వింటివా తంబూరా? తీగకూ తీగకూ ఎడం తెలుస్తాందా?" తెలుస్తోందని అనేదాకా వదలడు. అన్న తర్వాతా వదలడు. ఇంకో వైరు పెట్టి మళ్లీ అదే తంబూరా. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఆ పాటను చరణం దాకా విన్నవాళ్లు లేరు, బాసన్నతో సహా.

ఈ పరీక్షలకు అడ్డం వచ్చేది రైలు. ముంబై మద్రాసు దారి ఊరి పక్కనే పోతుంది. 1871లో రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలు కలిసినప్పటి నుంచి కోసిగిలో అసలు సిసలు బాస్ గూడ్సు బండిదే. అది పోయినంతసేపు కిటికీ రెక్కలు, గూట్లో గ్లాసులు, కూర్చున్నవాడి కడుపు కలిసి కొట్టుకుంటాయి. బాసన్న కళ్లు మూసుకొని వింటాడు. ఆ అదురు ఇంట్లోకి తేవాలన్నది అతని జీవితాశయం.

అందుకని మొదట వాట్ల వెంట పడతాడు. తొలి పెట్టె మీద 5000 వాట్లని బంగారు అక్షరాలుండేవి, కింద పీఎంపీఓ అని. ఆ లెక్కకు ఒక పద్ధతంటూ లేదు. తయారుచేసినవాడికి ఎంత ధైర్యముంటే అంత. అదే పెట్టెను తిప్పి చూస్తే కరెంటు తీగ పక్కన, చీమ తలకాయంత అచ్చులో, 60 వాట్లు. అరవై తిని అయిదువేలు కక్కే యంత్రమే ఉంటే ఓర్వకల్లు పక్క 1000 మెగావాట్ల సోలారు పార్కు కట్టే ఖర్చు ప్రభుత్వానికి తప్పేది.

ఈ మోసం బాసన్న తానే కనిపెట్టాడు. కనిపెట్టి, నిజం వాట్ల వెంట పడ్డాడు. 20 వాట్లది అమ్మి 40 వాట్లది తెచ్చాడు. వాట్లు రెట్టింపైతే పెరిగే శబ్దం 3 డెసిబెల్లు. పక్కింటివాడు వచ్చి తలుపు కొట్టేంత కూడా కాదు. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదిరెట్ల వాట్లు పొయ్యాలి. ఆ మాటకొస్తే, మామూలు గదిలో మామూలుగా పాట వింటున్నంతసేపు స్పీకరు తాగేది ఒకటో రెండో వాట్లు. మిగతా ముప్పై ఎనిమిదీ కూర్చొని జీతం తీసుకుంటాయి.

ఈ లెక్క చెబితే నొచ్చుకుంటాడు. "లెక్క వేరప్పా, చెవి వేరు" అంటాడు. ఆ చెవి సంగతి అమ్మేవాళ్లకు బాగా తెలుసు. బెంగుళూరు ఎస్పీ రోడ్డు, హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ బాసన్నలకు తీర్థయాత్రలు. అక్కడ అతన్ని "రండి సార్" అంటారు. ఊళ్లో ఆ మాట పడాలంటే బీఈడీ చేసుండాలి. ఏదో ఒక అంగట్లో కుర్రవాడు రెండు ఆంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి వినిపిస్తాడు. ఖరీదైనదానికి మార్చేటప్పుడు బొటనవేలితో వాల్యూము రవ్వంత తిప్పుతాడు. ఒక్క డెసిబెల్ ఎక్కువైతే అది గట్టిగా ఉందని చెవికి తోచదు, బాగుందనే తోస్తుంది. "చూసినారా సార్, తెర తీసినట్టు లేదూ?" బాసన్నకు తెరతో పాటు జేబు కూడా తెరుచుకుంటుంది.

ఇట్లా దిగిన కొత్త సెట్టుకు చోటివ్వడానికి పాతది బయటికి పోవాలి. గుంటూరు మిరప కోతల సుగ్గి నుంచి ఎండాకాలానికి తిరిగొచ్చే పిల్లలు దాన్ని కొనుక్కుంటారు. కొనేటప్పుడు వాళ్లకు తంబూరా వినిపించడు, డీజే పాట వినిపిస్తాడు. అంతమాత్రం వ్యాపారం అతనికీ తెలుసు.

వాట్లు అయినాక వైర్లు. మీటరు వెయ్యి రూపాయల వైరు తెచ్చి, వీధి తలుపు గడియ పెట్టి, ఇంటరు చదివే కూతుర్ని బీరువా వెనక నిలబెట్టాడు. పాతది, కొత్తది మార్చి మార్చి పెట్టమని. "ఆ, ఇదీ కొత్తది. గాలి ఆడతాంది చూడు పాటలో." కూతురు మళ్లీ వంగి లేచింది. "ఛీ, పాతది. మూత పెట్టినట్టయింది." ఇట్లా చాలాసేపు నడిచింది. చివరికి ఆ పిల్ల చెప్పింది: "నాయినా, నేను ఏమీ మార్చలేదు. మొదట్నుంచీ పాతదే ఉండాది. ఊరికే వంగి లేస్తాండా." బాసన్న కాసేపు గమ్మునున్నాడు. తర్వాత, అంత బాగా పాడుతున్న పాత వైరును అమ్మేద్దామనుకున్నానే అని భయపడ్డాడు.

ఇంట్లో ఆమెకు ఈ గొడవ పట్టదు. ఆమె దృష్టిలో స్పీకరు అనేది ఇంటికి ఉపయోగపడే ఎత్తైన బల్ల. కుడి స్పీకరు నెత్తిన ఈరన్నస్వామి పటం, ప్లాస్టిక్ పూలు, ఊదొత్తుల గ్లాసు. ఎడమ స్పీకరును మూలకు నెట్టి మీద బియ్యం డబ్బా పెట్టింది. రెండింటికీ దుమ్ము పడకుండా ఎమ్మిగనూరు మగ్గం దుప్పటి అంచు కత్తిరించి ముసుగులు కుట్టింది. ఆ ముసుగు ట్వీటరు మూతిని ఒక పక్క కప్పేస్తే, మూలన పడ్డ స్పీకరు గోడల చలువతో లేని బాస్ తెచ్చుకొని గుమగుమలాడుతుంది. బాసన్న ఆ రెండు పెట్టెల మధ్య తేడా సరిచెయ్యడానికి ఒక ఈక్వలైజరు కొన్నాడు. డబ్బా దించమని చెప్పడం కంటే అదే చౌక అనుకున్నాడు. ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ తప్పు పట్టరు.

ఇంత చేసినా గూడ్సు బండి అదురు రాలేదు. పాటల్లో బాస్ ఎక్కడో ఇంకిపోతోంది. ఊఫరు మార్చాడు, సబ్ ఊఫరు పెద్దది చేశాడు, ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు. చివరికి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర జాతరలో ఏళ్ల తరబడి మైకుసెట్టు కట్టిన ముసలాయన ఒకాయన ఏదో పనిమీద ఇంటికొచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. టార్చిలైటు సెల్లు ఒకటి తెమ్మన్నాడు. స్పీకరు తీగలు ఆంప్లిఫయరు దగ్గర ఊడబీకి, ఎర్ర తీగ సెల్లు బొడిపె మీద, నల్ల తీగ కింద ఆనించాడు. కుడి స్పీకరు కోను టప్పున ముందుకు జరిగింది. ఎడమదానికీ అట్లే చేశాడు. అది వెనక్కి జరిగింది.

"రేయ్ అబ్బోడా, ఒకటి నెడ్తాంది, ఇంకోటి గుంజుతాంది. గాలి ఏం కావల్ల? తీగ తిరగేసి కట్టినావు."

ఒకటి తోసిన గాలిని ఇంకొకటి మింగేస్తే మొదట మాయమయ్యేది బాసే. ఒకటిన్నర వోల్టుల సెల్లుతో, నిలబడిన చోటనే, పని అయిపోయింది. తీగ సరిగా కట్టి పాట పెడితే గూట్లో గ్లాసులు కొట్టుకున్నాయి. ముసలాయన టీ తాగి పోయినాడు. బాసన్న మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కొన్న వస్తువుకు తప్పు ఉంటే మార్చుకోవచ్చు, తీగకు తప్పు ఉంటే ఏం కొనాలి?

కొనడానికి కారణం దొరికే దారి సంక్రాంతి లోపలే పడింది. ఆ ఏడు పత్తి ఏరి, రేటు రాలేదని ముందుగదిలో మూటలు నింపారు. మూడు గోడలకూ నడుమెత్తు దాటి మూటలే. దురద, ఎలుకలు, ఇంట్లో ఆమె తిట్లు. అయితే అదే గదిలో ఒక రాత్రి బాసన్న పాట పెట్టి, ఆపడం మరిచిపోయినాడు. భీంసేన్ జోషి పల్లవి పాడాడు, చరణం పాడాడు, తాళం చిప్పల చివరి చప్పుడు దాకా అయిపోయింది. బాసన్న కళ్లు తుడుచుకొని, "వైరు ఇప్పటికి పదును పట్టింది" అన్నాడు.

ఫిబ్రవరిలో కొంత రేటు పలికింది. మూటలు ఆదోని యార్డుకు పోయినాయి. ఆ సాయంత్రం పెట్టిన పాట రేకు డబ్బాలో రాళ్లేసినట్టుంది. ఆంప్లిఫయరు పోయిందన్నాడు, పత్తి డబ్బు చేతిలోనే ఉంది. బెంగుళూరుకు బయలుదేరుతుంటే కూతురు గది నడిమధ్య నిలబడి చప్పట్లు కొట్టింది. రాతి గోడ, బండల నేల, సిమెంటు కప్పు ఒకదాని తర్వాత ఒకటి ఖణేల్ ఖణేల్‌మని తిరిగి కొట్టాయి. పత్తి ఉన్నన్నాళ్లూ ఆ చప్పుడు పోగుల సందుల్లో దూరి, అక్కడే రాసుకొని రాసుకొని అణిగిపోయేది. పట్నాల్లో రికార్డింగు గదుల గోడలకు డబ్బు పోసి అద్దించే మెత్తలు చేసే పని అదే. స్పీకరు తర్వాత ఇంట్లో అంత తేడా తెచ్చేది గదే. దాన్ని మార్చుకోవాలంటే ఎస్పీ రోడ్డుదాకా పోనక్కర్లేదు, పరుపులూ బొంతలూ చాలు. ఇది తెలియక ఆంప్లిఫయర్లు మార్చే బాసన్నలు బెంగుళూరు అపార్టుమెంట్లలోనూ ఉన్నారు, వాళ్ల సెట్లు ఖరీదైనవి అంతే.

మరుసటేడు పంట చేతికొచ్చింది. మూటలు మళ్లీ ముందుగది ఎక్కాయి, ఈసారి కుర్చీ చుట్టూ కొలిచి పేర్చినవి. వేడెక్కే ఆంప్లిఫయరు పత్తి పక్కన ఉండకూడదని మైకుసెట్టాయన గట్టిగా చెప్పడంతో దాన్ని వసారాలోకి మార్చారు. దూరం పెరిగింది గనుక లావు తీగ నిజంగానే కావాల్సొచ్చింది. ఇంటి వైరింగుకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోయింది. బాసన్న జన్మలో కొన్నవాటిలో అక్కరకొచ్చిన వైరు అదొక్కటే, ధరలో అన్నిటికంటే తక్కువ.

జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. దాదాపు ఊరంతా పత్తి అమ్ముకుంది. బాసన్న అమ్మలేదు. "ఏమయ్యా, ఈ పురుగులతో ఎన్నాళ్లు పండుకోవల్ల?" అని ఆమె అడిగితే, రేటు రానీ అంటాడు. మూడు ఆంప్లిఫయర్లున్న మనిషి, బెంగుళూరు తిరిగే మనిషి, అమ్మలేదంటే ఏదో తెలిసే ఉంటుందని అమ్మకుండా మిగిలిన నలుగురూ ఆగిపోయినారు. వాళ్లలో ఒకాయన టీ కొట్టు దగ్గర పట్టుకొని గొంతు తగ్గించి అడిగాడు: "ఎంతైతే అమ్ముతావన్నా?"

బాసన్న అప్పుడే ఇంట్లోంచి పాట విని వచ్చినాడు. "ఇంకా రెండు పాయింట్లు దిగల్లప్పా ట్రెబులు. అప్పుడు చూద్దాం."

ఆయన అర్థమైనట్టు తల ఊపి, టీ సగంలో వదిలేసి ఇంటికిపోయి, తన మూటల మూతులకు ఇంకో చుట్టు తాడు బిగించాడు.