మా రోజుల్లో కత్తి దిగితే మనిషి పడేవాడు

మా రోజుల్లో అంటే నిజాం కాలం అనుకునేరు, 2003, 2004 సంగతి చెబుతున్నా. నాదర్‌గుల్‌లో అప్పటికి ఇన్ని వెంచర్లు లేవు. ఇటు విమానం నడపడం నేర్పే మైదానం, అటు ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, మధ్యలో పొలాలు. అక్కడ నేను నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ప్లైవుడ్ క్యాబిన్లు, పెంటియం ఫోర్ డబ్బాలు, వేసవిలో ముట్టుకుంటే చెయ్యి కాలే మానిటర్లు. కాలేజీ పోరగాళ్లు ప్రింట్లు తీసుకుంటామని వచ్చి 'వైస్ సిటీ' ఆట ముందు కూర్చుండిపోయేవాళ్లు.

గంటకు పది, పదిహేను రూపాయలు. ఆ డబ్బులు బస్సు చార్జీలో మిగుల్చుకున్నవి, కాబట్టి ప్రతి నిమిషం ఆడాల్సిందే. ఎవడూ మెనూ తెరిచి చదివేవాడు కాదు. బైకు ఎక్కావా, తోలావా, పోలీసులు వెంటపడ్డారా, తప్పించుకున్నావా, అంతే. నోట్‌బుక్కు చివరి పేజీలో చీట్ కోడ్లు. 'ప్యాంజర్' అని కొడితే ట్యాంకు వచ్చి ఎదురుగా పడేది. ఇక సేవ్ చేసుకోవడానికి ఉన్నవి ఎనిమిది గళ్లు, వాటి కోసం కొట్లాడేవాళ్లు ఊరంతా. ఒకడు అరవై శాతం దాకా తెచ్చుకున్న ఆట మీద ఇంకొకడు తన ఆట సేవ్ చేసేసేవాడు. ఆ లొల్లి తీర్చడానికి నేను పెద్దమనిషిలా మధ్యలో కూర్చోవాల్సి వచ్చేది. అయినా ఆట పోయినవాడు మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి ముందుకన్నా తొందరగా అక్కడికి చేరేవాడు. ఎందుకంటే వాడు సంపాదించుకున్నది ఆ గడిలో లేదు, వాడి వేళ్లలో ఉంది.

ఇప్పటి పెద్ద ఆటలు అట్లాంటి లోకంలో లెవెళ్లు, పాయింట్లు తెచ్చి కలిపేస్తున్నాయి, అదే నా బాధ. దానికి నువ్వు ఏమంటావో నాకు తెలుసు బిడ్డా. 'శాన్ ఆండ్రియాస్'లో కండ, కొవ్వు, దమ్ము, బండి తోలే నేర్పు, అన్నీ కొలతలే కదా, అది మీ కాలపు ఆటే కదా అంటావు. ఔను, మాదే. 2005లో కంప్యూటరుకు వచ్చింది, వచ్చిన కొత్తలో మా క్యాబిన్లు ఖాళీ లేవు. అయితే అందులో హీరో సీజే పరిగెత్తితే దమ్ము పెరిగేది, తింటే పొట్ట పెరిగేది, జిమ్ముకు పోతే కండ వచ్చేది, ఒకే తుపాకీ పేలుస్తూ పోతే ఆ తుపాకీ చేతికి అలవాటయ్యేది. పాతబస్తీ తాలింలో దండీలు తీసినవాడికే భుజాలు వచ్చినట్టు, చేసిందే ఒంటికి పట్టేది. మీ ఆటల్లో అట్లా కాదు. అడవిలో తోడేళ్లను చంపితే పాయింట్లు వస్తాయి, ఆ పాయింట్లతో విలువిద్య కొనుక్కుంటారు. తోడేలుకూ విల్లుకూ ఏం సంబంధం?

అసలీ అంకెలు ఎక్కడివి? 1974లో అమెరికాలో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. బల్ల దగ్గర నిజంగా కత్తి తిప్పలేరు కాబట్టి పాచిక వేసి దెబ్బ తగిలిందా లేదా తేల్చుకున్నారు. చెయ్యి చేయలేని పనిని అంకె చేసింది, న్యాయమే. కానీ చేతిలో మౌసు ఉన్నప్పుడు, గురి చూసి నేనే కొట్టినప్పుడు, ఆ అంకె వచ్చి 'లేదు, నీకు తగల్లేదు' అంటే ఎట్లా? 2002లో 'మారోవిండ్' ఆట చేసింది ఇదే. కత్తి ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కనిపిస్తుంది, లోపల పాచిక మాత్రం తప్పిందంటుంది. అది ఆడుతూ మా దగ్గరొకడు మౌసు బల్లకేసి కొట్టాడు. మౌసు డబ్బులు వసూలు చేశాను గానీ వాడి కోపం న్యాయమైనదే.

ఆ రోగం ఇప్పుడు పెద్ద పెద్ద ఆటలకు పట్టింది. 2007లో మొదటి 'అసాసిన్స్ క్రీడ్' వచ్చినప్పుడు మణికట్టు కింద దాచిన కత్తి చప్పుడు లేకుండా దిగిందంటే మనిషి పడేవాడు. ఆ కత్తి కోసమే కదా ఆ ఆట! 2017లో అదే వరుసలో 'ఆరిజిన్స్' వచ్చింది. మా అన్న కొడుకు ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. ఈజిప్టు ఎడారి, ఒంటెలు, దూరంగా పిరమిడ్లు, కళ్లు తిప్పుకోలేం. వీడు గడ్డిలో నక్కి నక్కి పోయి సైనికుడి మెడలో కత్తి దించాడు. వాడు చావలేదు! తల మీది గీత కొంచెం తగ్గింది, లేచి వీణ్ణే చితకబాదాడు. 'వాడి లెవెల్ ఎక్కువ కాకా' అన్నాడు మావాడు, ఎండాకాలం ఎండగా ఉందన్నంత మామూలుగా. తర్వాత రెండు కత్తులు పక్కపక్కన పెట్టుకుని, దేనికి పచ్చ బాణం, దేనికి ఎర్ర బాణం అని చూస్తూ కూర్చున్నాడు. నా నెట్ సెంటర్లో అయితే ఆ చూపులకే రెండు రూపాయలు అయిపోయేవి.

మరుసటి ఏడు అదే వరుసలోని 'ఒడిస్సీ'లో ఇంకో అడుగు వేశారు. అనుభవ పాయింట్లు ఒకటిన్నర రెట్లు వేగంగా రావాలంటే విడిగా డబ్బులు కట్టమన్నారు. అనుభవాన్ని కూడా అంగట్లో పెట్టారన్నమాట.

అన్నీ చెడ్డవనడం లేదు. 2015 నాటి 'విచర్ 3'లోనూ శత్రువుల మీద లెవెళ్లుంటాయి, అవి నాకు నచ్చవు. కానీ అందులో బ్లడీ బారన్ కథ పట్టుకుంటే తెల్లవారేదాకా లేవలేదు. 'ఆరిజిన్స్' వచ్చిన 2017లోనే మన హైదరాబాద్ స్టూడియో ఓగర్‌హెడ్ 'అసుర' చేసింది. పైనుంచి చూసే కొట్లాట ఆట, నేర్చుకునే విద్యల చెట్టు ప్రతిసారీ కొత్తగా మొలుస్తుంది. ఇంతింత ప్రపంచాలు లేవందులో. చస్తే మళ్లీ మొదటికే, మా పోరగాళ్ల సేవ్ పోయినట్టే, మిగిలేది చేతి వాటమే. అదే ఏడు జపానువాళ్ల 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో అంత పెద్ద లోకం పెట్టి అనుభవ పాయింట్లే పెట్టలేదు. మొదటి గుట్ట దిగాక దమ్ముంటే నేరుగా చివరి రాక్షసుడి దగ్గరికే పోవచ్చు. ఎదుగుదలనూ చేతి నేర్పునూ కలపడం చేతనైనవాళ్లు కలుపుతున్నారు మరి.

ఆ దాచిన కత్తి కంపెనీ కూడా 2020లో 'వల్హల్లా'కు వచ్చేసరికి ఒక మెట్టు దిగింది. కత్తి దిగితే ఎవడైనా చచ్చేట్టు సెట్టింగుల్లో ఒక స్విచ్ పెట్టింది. దాన్ని ఎవరూ వెతకని మూలన ఆఫ్ చేసి పెట్టడం దేనికి? డబ్బాలోంచి తీసినప్పుడే ఆన్‌లో ఉండాలి. అంకెలు కావాలనేవాళ్లే పోయి వెతుక్కోనీ.