పిడికిలి బిగించు అబ్బీ: ఒక పిండికట్టు ఆత్మకథ

నేను పుట్టింది విజయదశమి మరుసటి పొద్దున. దేవరగట్టు కొండమీద మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం ముగిసి, దివిటీలు ఆరి, జనం ఊళ్లకు మళ్లుతున్న వేళ. ఏటా దసరా రాత్రి నెరణికి, నెరణికి తండా, కొత్తపేటవాళ్లు ఒకపక్క, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోపక్క నిలబడి ఉత్సవమూర్తుల కోసం కర్రలతో తలపడతారు. పోలీసులు ఎంత కాపలా పెట్టినా తలలు పగలడం, చేతులు విరగడం మానలేదు. ఈసారి నెత్తిమీదికి దిగుతున్న ఇనుపచుట్ల కర్రకు మావాడు, అంటే నన్ను మోసేవాడు, ఎడమచేయి అడ్డం పెట్టాడు. అట్లా కాచుకున్నప్పుడు విరిగేది ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక. పోలీసు దెబ్బ కాచుకునేవాళ్లకూ అదే విరుగుతుంది గనక, ఇంగ్లీషు వైద్యం ఆ విరుపుకు లాఠీ పేరే పెట్టుకుంది.

ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నన్ను బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, పిండి, మోచేతి కిందనుంచి వేళ్ల మొదళ్ల దాకా చుట్టారు. జిప్సం రాయిని కాల్చి నీరు పోగొడితే వచ్చే పిండిని నేను. మళ్లీ నీరు తగిలితే రాయినవుతాను, అయ్యేటప్పుడు వేడెక్కుతాను. "కాల్తాంది సార్" అన్నాడు మావాడు. పిండి రుద్దిన గుడ్డపట్టీని ఇట్లా వాడొచ్చని 1852లో లోకానికి చెప్పినవాడు డచ్చి సైన్యంలో డాక్టరు, ఆంతోనియస్ మథైసన్. మా వంశకర్త ఆయనే.

"చెయ్యి జాగ్రత్త, మళ్లీ రా" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ జాగ్రత్తను ఇంట్లోవాళ్లు తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. "కదపాకు నాయనా, కట్టు సడల్తాది" అని అవ్వ చెయ్యిని దిండుమీద పెట్టించింది. బయట తేలి ఉన్న వేళ్లను కూడా ఆడించనియ్యలేదు. చీము పడుతుందని కందిపప్పు మాన్పించింది, గుడ్డు మాన్పించింది. పెద్దనాయన పుత్తూరు పోదామన్నాడు. ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో కట్టే ఆ పుత్తూరు కట్టూ నేనూ దాయాదులం. ఎముక సంగతి ఎవరికి వాళ్లం గొప్ప చెప్పుకుంటాం గానీ, కండ మాత్రం ఎవరి చెరలో ఉన్నా కరుగుతుంది.

రెండోవారానికి నాకూ చెయ్యికీ మధ్య సందు పడింది. చీపురుపుల్ల దూర్చి గోక్కోవడం మొదలుపెట్టాడు. (ఆ పని చెయ్యొద్దు. లోపల గీరుకుని పుండయితే బయటికి కనపడదు.) వాపు తీసిందని అందరూ సంబరపడ్డారు. అది సగం నిజం. మిగతా సగం కండ. మథైసన్ దేశంలోనే, మాస్ట్రిక్ట్ నగరంలో, దెబ్బా వాపూ లేని కుర్రవాళ్ల కాళ్లకు కట్లు వేసి కొలిచి 2014లో లెక్క చెప్పారు. 5 రోజులకే తొడ ముందుకండ 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం పోయింది. 14 రోజులకు కండ 8.4 శాతం, బలం దాదాపు 23 శాతం. కండకంటే బలం వేగంగా పోతుందని గమనించండి. పనిలేని కండకు మెదడు పిలుపు కూడా మందగిస్తుంది.

మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు ఎక్స్‌రే ఫోటో బాగానే వచ్చింది. డాక్టరు సరేనన్నాక ఫిజియో మేడమ్ కూర్చోబెట్టింది. "వేళ్లు పూర్తిగా తెరువు, పిడికిలి బిగించు, అయిదంకెలు లెక్కపెట్టు, వదులు. మోచెయ్యి, భుజం గంటకోసారి ఆడించు." ఆ తర్వాత అంది: "కుడిచేతితో బరువు పని చెయ్యి." విరిగింది ఎడమైతే కుడికెందుకని మావాడు నవ్వాడు. కెనడాలో 2009లో ఎడమచేతికి మూడువారాలు కట్టేసి, కొందరిచేత కుడిచేతి కసరత్తు చేయించారు. వాళ్ల ఎడమచేతి బలం నిలబడింది. ఊరికే ఉన్నవాళ్లది పడిపోయింది. రెండు చేతులకూ ఆజ్ఞ ఇచ్చేది ఒకే మెదడు మరి.

"చెయ్యి కదపలేకపోతే కదిపినట్టు తలుచుకో" అని కూడా చెప్పింది. మావాడు ఏం తలుచుకున్నాడంటారా? బన్ని కర్రనే. నాలోపల మణికట్టు నరాలు చిన్నగా ఉలిక్కిపడటం నాకు తెలిసింది. అమెరికాలో ఒహాయోవాళ్లు ఇదే చేయించి 2014లో చెప్పారు: నాలుగువారాల కట్టు తర్వాత ఊరికే ఉన్నవాళ్ల బలం 45 శాతం తగ్గితే, ఊహలో చేయి బిగించినవాళ్లది 24 శాతమే తగ్గింది.

పథ్యం మాటకు మేడమ్ కాస్త కోప్పడింది. "కట్టిన చేతికి పప్పు మాన్పించడమేంది అవ్వా?" ఆ రోజునుంచి సంగటిలోకి పప్పు వచ్చింది, ఉలవచారు వచ్చింది, బుడ్డల పచ్చడి వచ్చింది. అయితే తిండి ఒక్కటే కండను కాపాడదు. మాస్ట్రిక్ట్‌వాళ్లే పెద్దవయసువాళ్లకు కట్టువేసిన రోజుల్లో అదనంగా ప్రొటీన్ ఇచ్చి చూస్తే తరుగు ఆగలేదు. తిండి లేకుంటే చెడిపోతాం, తిన్నా పని ఉండాలి.

నాలుగోవారంలో మావాడు పిడికిలి బిగిస్తే నా గోడమీద లోపలినుంచి ఒత్తిడి తెలుస్తోంది. రేపు నన్ను కోస్తారు. కట్టు కోసే రంపపు పళ్లు గిర్రున తిరగవు, వణుకుతాయంతే, సరిగ్గా వాడితే తోలు తెగదు. చెయ్యి సన్నగానే బయటపడుతుంది, అబద్ధమెందుకు. పత్తితీత కాలం కదా, మొదట్లో సంచి కుడిభుజానికే వేసుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా నాలాంటి కట్టు పడితే, గది దాటకముందే డాక్టరును అడగండి: ఏ వేళ్లు, ఏ కీళ్లు, ఎప్పటినుంచి కదపొచ్చు? వేళ్లు నీలమెక్కినా, తిమ్మిరెక్కినా, నొప్పి మాత్రలకు లొంగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి పోయి నన్ను కోయించండి.