జమ్మిచెట్టు మీద మైకు

మా అక్క కూతురికి ఆటలో పేరు భీమన్న. అసలు పేరు చెప్పను. అది బయటపడకుండా ఉండటానికే కదా పిల్ల భీమన్న అయింది.

ఎంట్రన్సు పరీక్షలు రాసేసి, ర్యాంకు కోసం ఎదురుచూస్తూ ఈ వేసవిలో నెల రోజులు మా ఇంట్లో ఉంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి టేబుల్ ఫ్యాను తనవైపు తిప్పుకుని, ఫోనుకి చార్జరు గుచ్చి, పక్కన జంతికల డబ్బా పెట్టుకుని కూర్చునేది. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకి, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుని, ఆఖరికి ఒక్క జట్టు మిగిలే ఆట. బొటనవేళ్ళకి నూనె అంటితే తెర మీద గురి జారిపోతుందట. అందుకని జంతికని చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ బీడీలా ఇరికించుకుని తినేది. ఇంత శ్రద్ధ కెమిస్ట్రీ మీద పెట్టి ఉంటేనా, అంటుంది మా అక్క. అది వేరే వ్యాసం.

మైకు ఎప్పుడూ ఆపే ఉంచేది. ఒక రాత్రి పొరపాటున వేలు తగిలి ఆన్ అయింది. "వెనకాల! గోడ వెనకాల ఉన్నాడు!" అని అరిచింది. జట్టులో మిగతా ముగ్గురూ మన తెలుగు కుర్రాళ్ళే. చటుక్కున వెనక్కి తిరగాల్సినవాళ్ళు మూడు సెకన్లు మౌనం పాటించారు.

"బ్రో... అమ్మాయా?"

"కాదు మామా, వాయిస్ చేంజర్ అయ్యుంటది."

"ఏ ఊరు నీది? ఇన్‌స్టా ఉందా?"

గోడ వెనకాలవాడికి ఈ చర్చ మీద ఆసక్తి లేనట్టుంది, ముగ్గుర్నీ కాల్చేశాడు. దెబ్బ తిని నేల మీద పాకుతూ కూడా ఆ మూడోవాడు ఇన్‌స్టా ఐడీ అడుగుతూనే ఉన్నాడు. ఆట పోయాక తప్పెవరిదో తేల్చారు: "అమ్మాయిల్ని స్క్వాడ్‌లో పెట్టుకుంటే ఇంతే. పోయి అంట్లు తోముకో." ఆ పూట మా ఇంట్లో అంట్లు తోమింది మా ఆయన. ఆ ముక్క చెబుదామనుకునేలోపే వాళ్ళు లాబీలోంచి వెళ్ళిపోయారు.

"అందుకే పిన్నీ, మైకు ఆన్ చెయ్యను. చేస్తే ఆట ఆగిపోయి పెళ్ళిచూపులు మొదలవుతాయి" అంది పిల్ల, ఇంకో జంతిక తీసుకుంటూ.

ఆడపిల్లలు గేములు ఆడరన్నది ఈ లోకంలో వేదవాక్కు. ఆడితే బాగా ఆడలేరు. బాగా ఆడిందంటే బాయ్‌ఫ్రెండు ఐడీ. బాయ్‌ఫ్రెండు లేడని తేలితే హ్యాకింగు. హ్యాకింగు కూడా కాదంటే అసలు అమ్మాయే కాదు. ఇంత పకడ్బందీ తర్కం మన తర్కశాస్త్ర పండితులకి కూడా చేతకాలేదు. ఏ గుమ్మంలోంచి వచ్చినా ఆవిడే అవుటు.

కులానికీ ఆదాయానికీ నివాసానికీ ధ్రువపత్రాల కోసం మీసేవ ముందు గంటలకొద్దీ నిలబడ్డ జాతి మనది. గేమర్ ధ్రువపత్రం ఒక్కటే ఇంకా కౌంటరుకి రాలేదు. వస్తే ఏమేం జతపరచాలో తెలుసుకోవాలంటే కొరియా వెళ్ళాలి.

2016 జూన్‌లో అక్కడ పదిహేడేళ్ళ పిల్ల ఒకతె ఓవర్‌వాచ్ అనే ఆటలో జార్యా అనే పాత్రతో అందర్నీ చితకబాదుతోంది. ఆటలో ఆమె పేరు గెగూరి, కొరియన్ భాషలో కప్ప. గురి మరీ సూటిగా ఉంది. ఇంత సూటిగా ఉంటే అది చెయ్యి కాదు, గురిని తనంతట తనే కుదిర్చిపెట్టే దొంగ సాఫ్ట్‌వేర్, ఎయిమ్‌బాట్, అన్నారు ఓడిపోయినవాళ్ళు. ఆమె నిర్దోషి అని తేలితే మేం ఆట మానేస్తాం అని ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళు పందెం కాశారు. పాపం ఆ పిల్ల ముఖానికి మాస్కు వేసుకుని ఒక స్టూడియోకి వెళ్ళి, ఒక కెమెరా తెర మీద, ఇంకో కెమెరా చేతుల మీద పెట్టించుకుని, లోకమంతా చూస్తుండగా ఆడి చూపించింది. త్రేతాయుగంలో లైవ్ ప్రసారం లేదు కాబట్టి నిప్పుతో సరిపెట్టారు. గెగూరి చేతులు గెగూరివే అని తేలింది. ఆ ఇద్దరూ మాట నిలబెట్టుకుని తప్పుకున్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. మన దగ్గర పందెం కాసి ఓడినవాడు మూడో రోజుకల్లా కొత్త ఐడీతో తిరిగొచ్చేవాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ జార్యా అనే పాత్ర ఆడదే. రష్యా బరువులెత్తే వీరురాలు, మనిషంత తుపాకీ మోస్తుంది. ఆ బొమ్మ అంత బరువు మొయ్యడం మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆ బొమ్మని మౌసుతో కదిపే పిల్ల వేళ్ళ మీదే వచ్చింది. నరకాసురుడు రాక్షసుడే కావచ్చు. కానీ సత్యభామ విల్లు ఎక్కుపెట్టి బాణాలు కురిపిస్తుంటే, "ఆగు, ఇది నీ గురి కాదు, చేతులు చూపించు" అన్నట్టు ఏ భాగవతంలోనూ లేదు. దెబ్బలు తిన్నాడు, అంతే.

అసలు మనకి వేషాలతో పేచీ ఎప్పుడూ లేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికి వస్తే ఆంధ్రదేశం ఊగిపోయింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామ నడక చూసి ఆడవాళ్ళే సిగ్గుపడ్డారంటారు. గేముల్లోనూ అంతే. కండలు తిరిగిన కుర్రాళ్ళు సగం మంది పొడుగు జడ, పొట్టి నిక్కరు వేసుకున్న అమ్మాయి బొమ్మని ఎంచుకుని ఆడతారు. ఎందుకురా అంటే, గంటలతరబడి వీపు చూస్తూ ఆడాలి కదా ఆంటీ, ఆ వీపేదో చూడబుద్ధయ్యేలా ఉంటే పోదా అంటారు. సరే నాయనా. మగాడు ఆడదాని వేషం వేసుకోవాలంటే ఒక బటన్ నొక్కితే చాలు. ఆడది తన వేషంలో తను రావాలంటేనే ఇద్దరు సాక్షులూ ఒక గెజిటెడ్ ఆఫీసరూ కావాలి.

ఈ సాక్ష్యాల పిచ్చి చివరికి ఎక్కడికి పోయిందో చెబుతాను. 2018 డిసెంబరులో అదే ఓవర్‌వాచ్‌లో, అమెరికా పోటీల్లో ఆడే ఒక జట్టు ఎల్లీ అనే అమ్మాయిని చేర్చుకుంది. వెంటనే పాత పాటే: ఎవరీవిడ, గొంతు నిజమేనా, ముఖం చూపించదేం, అసలు పేరు బయటపెట్టేస్తాం. వేధింపులు భరించలేకపోతున్నానని కొద్ది రోజులకే ఎల్లీ తప్పుకుంది. జనం జాలిపడేలోపే ఇంకో వార్త వచ్చింది. ఎల్లీ అనే మనిషే లేదు, అది ఒక సీనియర్ మగ ఆటగాడు కట్టిన వేషం అని ఆట కంపెనీయే తేల్చింది. "మేం చెప్పలేదా!" అని గేమింగ్ లోకం తొడ కొట్టింది. ఏళ్ళతరబడి ప్రతి అమ్మాయి వెనకా టార్చిలైటు పట్టుకుని తిరిగితే ఇన్నాళ్ళకి ఒక దొంగ దొరికాడు, వాడు మగాడు. నీతి ఏమిటట? ఇకమీదట అమ్మాయిల్ని ఇంకా గట్టిగా తనిఖీ చెయ్యాలట. కోడిని ఎత్తుకుపోయింది నక్క అని తెలిశాక కోడిపెట్టలకి ఆధార్ తప్పనిసరి చేసినట్టుంది.

ఇక ట్రాన్స్ మహిళలు బాగా ఆడితే ఇదే యంత్రం వెనక్కి తిరుగుతుంది. కెనడా అమ్మాయి సాషా హోస్టిన్, ఆటపేరు స్కార్లెట్, 2018 ఫిబ్రవరిలో కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో స్టార్‌క్రాఫ్ట్ 2 పోటీ గెలిచింది. ఆ ఆటలో అంత పెద్ద టోర్నమెంటు గెలిచిన మొదటి మహిళ. మిగతా అమ్మాయిలతో "ఇంత బాగా ఆడుతున్నావంటే నువ్వు అమ్మాయివి కావు" అన్నవాళ్ళే, స్కార్లెట్ దగ్గరికొచ్చి "నువ్వు అమ్మాయివి కావు కాబట్టే ఇంత బాగా ఆడుతున్నావు" అంటారు. కత్తి ఒకటే, పిడి అటు తిప్పారంతే. నలుగురు ఒకచోట కూర్చుని కంప్యూటర్ మీద కలిసి ఆడే సరదాని 1983లోనే 'మ్యూల్' అనే ఆటతో లోకానికి చూపించిన డానియెల్ బంటెన్ బెర్రీ కూడా ట్రాన్స్ మహిళే. 1998లో పోయింది. అంటే "అసలు అమ్మాయేనా" అని మల్టీప్లేయర్‌లో గొంతు చించుకునే కుర్రాడు, బంటెన్ లాంటి వాళ్ళు వేసిన పందిరి కిందే కూర్చుని అరుస్తున్నాడన్నమాట.

ఆట కంపెనీలేమీ తక్కువ తినలేదు. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అని ఫ్రెంచి విప్లవం మీద ఒక ఆట వచ్చింది. నలుగురు హంతకులు, నలుగురూ మగవాళ్ళే. ఆడ హంతకురాలేదీ అంటే, ఆడబొమ్మని కదిలించాలంటే పని రెట్టింపవుతుంది అన్నారు. అది ఒకటి రెండు రోజుల పని అని అంతకుముందు అదే వరస ఆటలకి బొమ్మలు కదిలించినాయనే పరువు తీశాడు. ఇంతకీ ఫ్రెంచి విప్లవంలో బాగా పేరుమోసిన హత్య 1793లో విప్లవ నాయకుడు మారాని స్నానాల తొట్టిలో పొడిచి చంపడం. పొడిచింది షార్లెట్ కోర్డే అనే ఇరవైనాలుగేళ్ళ పిల్ల. ఆవిడని ఎవరూ యానిమేట్ చెయ్యనక్కర్లేకపోయింది.

అదే ఏడు ఇంకో ముచ్చట. ఫిన్లాండులో హార్త్‌స్టోన్ అనే ఆటకి పోటీ పెట్టి, మగవాళ్ళు మాత్రమే రావాలన్నారు. హార్త్‌స్టోన్ అంటే గుర్రపుస్వారీ కాదు, గునపాలు విసరడం కాదు, పేకాట. ముక్క తీయడం, ముక్క వేయడం. అంతర్జాతీయ ఈ-స్పోర్ట్స్ సమాఖ్య నిబంధన అది. ఎందుకయ్యా అంటే, చదరంగంలో లేదా అన్నారు. చదరంగం పేరెత్తితే మా కృష్ణా జిల్లా వాళ్ళకి నవ్వొస్తుంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళకి, గ్రాండ్‌మాస్టర్ అయింది, అదీ మగవాళ్ళకి పెట్టిన కొలతతోనే. తిట్లు తగిలాక సమాఖ్య నిబంధన మార్చుకుంది. మా అమ్మమ్మ గనక బతికుంటే రమ్మీకి కండలెందుకురా అని అడిగేది. ఊళ్ళో మగవాళ్ళందరి జేబులూ ఖాళీ చేసిన మనిషి.

ఇంత గోల చేసేది ఎవరు అన్నదాని మీద ఒక పరిశోధన ఉంది, నాకు చాలా ఇష్టం. హాలో 3 అనే ఆటలో ముందే రికార్డు చేసిన అవే మాటలు ఒకసారి ఆడగొంతుతో, ఒకసారి మగగొంతుతో వినిపించారు. ఆడగొంతుకి మూడింతలు ఎక్కువ తిట్లు పడ్డాయి. తర్వాత కసుమోవిచ్, కుజ్నెకాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు 2015లో ఆ లెక్కల్ని ఇంకాస్త తవ్వి తిట్టేదెవరో చూశారు. ఆట రానివాళ్ళు. ఓడుతున్నకొద్దీ నోరు పెరిగింది. బాగా ఆడేవాళ్ళు ఆడగొంతుతో మర్యాదగానే ఉన్నారు. అసలు రుచి ఇంకొకటుంది: అదే ఆట రానివాడు, అదే పరిస్థితిలో, మగగొంతు ముందు మాత్రం చేతులు కట్టుకున్నాడు.

వీడిని మనం ఎరుగుదుం. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు, సారథి దొరికితే చాలు కౌరవుల్ని ఊదేస్తానన్నాడు. సైన్యం కనబడగానే రథం దూకి పరుగెత్తాడు. జుట్టు పట్టుకు లాక్కొచ్చి, జమ్మిచెట్టు మీంచి ఆయుధాలు దింపించి, యుద్ధం చేసిపెట్టింది బృహన్నల. ఇంట్లో ఏం జరిగిందో గుర్తుందా? విరాటుడు కొడుకు గెలిచాడని మురిసిపోతుంటే, కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు "బృహన్నల తోడుండగా గెలుపుకేం లోటు" అన్నాడు. రాజుకి మండి, చేతిలో పాచిక తీసి మొహాన కొట్టాడు. ముక్కులోంచి రక్తం కారింది. జట్టులో అమ్మాయి ఆడిందని ఒప్పుకున్న కుర్రాణ్ణి మిగతావాళ్ళు 'సింప్' అని వెక్కిరిస్తారే, ఆ బిరుదుకి మొదటి హక్కుదారు ధర్మరాజు. విసిరింది కూడా ఆటసామానే.

"అబ్బా, ఇదంతా సరదా కదా ఆంటీ, ట్రాష్ టాక్" అంటారు. కావచ్చు. గేముల్లో ఆడపాత్రల్ని ఎలా చూపిస్తున్నారో వీడియోలు చేసిన అనితా సర్కీసియన్ 2014 అక్టోబరులో అమెరికాలో యూటా స్టేట్ యూనివర్సిటీలో మాట్లాడాల్సి ఉంది. వస్తే సభలో జనాన్ని కాల్చి చంపుతానని ఒకడు ఈ-మెయిలు పంపాడు. సభకి తుపాకులు తేకుండా ఆపడానికి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకోదన్నారు. ఆవిడ ఉపన్యాసం మానుకుంది. సరదాకి కూడా రేంజి ఉంటుంది మరి.

మా భీమన్న ఊరికి వెళ్ళే ముందు రాత్రి మళ్ళీ పక్కన కూర్చున్నాను. మైకు ఆపే ఉంది. జట్టులో ఇద్దరు పోయారు. మూడోవాడు దెబ్బ తిని ఒక పాక వెనకాల పాకుతూ "అన్నా, రివైవ్ అన్నా, ప్లీజన్నా" అని ఏడుస్తున్నాడు. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. ఈ వయసు గొంతులన్నీ ఒకేలా ఉంటాయి, ఒట్టు పెట్టి చెప్పలేను. పిల్ల పొగబాంబు వేసి, వాడి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి లేపింది. ఆ తర్వాత చెట్టు మీదున్న ఒకణ్ణీ, బండి వెనకాల దాక్కున్న ఇద్దర్నీ కొట్టింది. గెలిచారు.

"భీమన్నా, నువ్వు దేవుడన్నా!" అన్నాడు వాడు. "రోజూ నీతోనే ఆడతా. మైకు పాడైందా అన్నా?"

పిల్ల నావైపు చూసి, జంతిక పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో టైపు చేసింది.

"అవును తమ్ముడూ."