చేతి ట్యాగు బాబాయి

ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్లున్న ప్రతి సొసైటీలోనూ చేతి ట్యాగు బాబాయి ఒకరుంటారు. ద్వారకలో ఉండొచ్చు, మయూర్ విహార్‌లో ఉండొచ్చు. కారు అద్దానికి అతికించాల్సిన ఫాస్టాగ్‌ని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతారు. అదేమిటంటే, "అతికిస్తే ఎండకి పాడైపోదూ? పైగా మావాడి కారుకీ అక్కరకొస్తుంది" అంటారు.

జైపూర్ దారిలో ఖేర్కీ దౌలా టోల్‌గేటు దగ్గర చూడాలి ఆయన్ని. అద్దం దించి, ట్యాగుని హారతిపళ్లెంలా పైకెత్తి, రీడర్‌కి అటోసారి ఇటోసారి చూపిస్తారు. గేటు లేవదు. "థోడా ఊపర్, అంకుల్‌జీ" అంటాడు టోల్ కుర్రాడు. వెనక హారన్ల మోత. పక్క సీట్లో పిన్ని, ఆయనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది.

"బాబాయ్, దాంట్లో బ్యాటరీ కూడా ఉండదు. పైనున్న రీడర్ పంపే రేడియో తరంగాలతోనే చిప్ మేలుకుని నంబరు చెబుతుంది. అద్దానికుంటే ఆగే పనే లేదు" అని ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లు చెప్పి చూశారు.

"నేను చూపించకుండానే డబ్బు కోసుకుంటుందా? అందుకేరా అతికించనిది!"

ట్యాగు లేకపోతే రెట్టింపు కట్టాలని 2021 ఫిబ్రవరిలో అన్నాకే, పళ్లు నూరుతూ కొన్నారది. చేతిలో పట్టుకు చూపించే ట్యాగుల్ని బ్లాక్‌లిస్టులో పెడతామని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ప్రకటించినా ఉలకలేదు, పలకలేదు.

ఆ ఆగస్టు 15న వార్షిక పాస్ వచ్చింది. అప్పట్లో 3,000 రూపాయలకి ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందు పూర్తయితే అది. బాబాయి వేళ్ల మీద లెక్కేశారు: గేటుకి 15 రూపాయలు! ట్యాగు అద్దానికి అతికి ఉంటేనే పాస్ అన్నారు. సాయంత్రానికల్లా అతికించేశారు.

ఇప్పుడు బెంగల్లా ట్రిప్పులు మిగిలిపోతాయేమోనని. ఆంధ్రా భవన్‌లో పక్కన కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్న ముక్కూమొహం తెలియని మనిషిని కూడా "జైపూర్ చూశారా?" అని పలకరిస్తున్నారు. మొన్న ఊరినుంచి వచ్చిన బావమరిది నోరు జారి ఆగ్రా అన్నాడు. ఆగ్రా వెళ్లే యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఆ పాస్ చెల్లదు.

"తాజ్‌మహల్‌దేముందోయ్, అదీ ఒక సమాధే కదా! పొద్దున్నే లేచి రెడీగా ఉండు, హవామహల్‌కి పోదాం."