విప్లవం... డీలక్స్ ప్యాకింగులో!

1970ల చివర్లో ఇంగ్లండులోని లీడ్స్ కుర్రాళ్లు ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ అని పోస్ట్-పంక్ బ్యాండు కట్టారు. పేరు చైనా కమ్యూనిస్టు నేతల ముఠాది. పాటలు మార్కెట్ మాయ మీద. మన తీరికనీ, ప్రేమనీ కూడా అంగడి సరుకు చేసేశారని వాళ్ల మంట. ఆ మంటని 1979లో ‘ఎంటర్‌టైన్‌మెంట్!’ ఆల్బమ్‌గా అంగట్లో పెట్టింది ఈఎంఐ అనే బడా కంపెనీ!

2021లో అదే సరుకు ‘77–81’ పేరుతో డీలక్స్ పెట్టెకెక్కింది. వినైల్ రికార్డులు, క్యాసెట్, వంద పేజీల గట్టి అట్ట పుస్తకం, పైగా రెండు బ్యాడ్జీలు. పెట్టుబడిని తిట్టే పాట వినాలంటే ముందు మనం పెట్టుబడి పెట్టాలన్నమాట! సీలు విప్పితే ధర పడిపోతుందని, వినకుండానే బీరువాలో దాచే భక్తుల సంగతి సరేసరి.

ఆ తొలి ఆల్బమ్ అట్ట మీద ఓ కౌబాయ్, ఓ అమెరికా ఆదివాసీ చేతులు కలుపుతుంటారు. స్నేహితుడు దొరికాడని ఆదివాసీ నవ్వు. బుట్టలో పడ్డాడని కౌబాయ్ సంబరం. మరి డీలక్స్ పెట్టె బిల్లు దగ్గర అభిమానిది ఏ వేషమో వేరే చెప్పాలా?