తైలాభిషేక మాహాత్మ్యము

మోటారుబండి ముందు చక్రములను త్రిప్పుటకు మానవుని భుజబలము చాలదని గ్రహించి, ఫ్రాన్సిస్ డేవిస్ అను అమెరికా ఇంజనీరు నూనె ఒత్తిడిచే ఆ పని చేయించి 1926లో చూపగా, పాతికేండ్లు గడచిన పిదప, 1951లో, క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో ఆ పవర్ స్టీరింగును తొలిసారి అమ్మకమునకు పెట్టినది. ఇంతటి నిరీక్షణ ఫలముగా వెలసిన యంత్రమునకు మన మెకానిక్కు షెడ్లలో జరుగుచున్న ఏకైక కైంకర్యము తైలాభిషేకము. స్టీరింగు బిగిసినదన్నను, మలుపులో మూలిగినదన్నను, తెల్లవారుసరికి బండి క్రింద నూనె మరక కానవచ్చినదన్నను, బానెట్టెత్తి, స్టీరింగు నూనె డబ్బా మూత విప్పి, “ఆయిల్ తగ్గింది సార్, పోస్తే సరిపోద్ది” అనుటతో నిదానము, చికిత్స, బిల్లు మూడును ఏకకాలమున సిద్ధించును.

తగ్గిన నూనె యెచటికేగినదని అడుగుట అపచారము. ఇంజనాయిలు కొంత కాలిపోవచ్చును గాని, పవర్ స్టీరింగు నూనె ఖర్చగునది కాదు. బెల్టుతో తిరుగు పంపు దానిని హోజు గుండా, చక్రములను మలుపు ర్యాకునకు నెట్టగా, అచట పిస్టనును ఒక ప్రక్కకు త్రోసి, రిటర్ను గొట్టమున మరల డబ్బాకే చేరును. బయటి దారి లేని ఈ ప్రదక్షిణమున పావులీటరు మాయమైనదన్నచో హోజు అతుకు చెమర్చినదో, పంపు సీలు అరిగినదో, ర్యాకు చివరి రబ్బరు బూటులో నూనె గూడుకట్టినదో అయి యుండవలయును. ఆ బూటు క్లిప్పు సడలించి వ్రేళ్లతో నొక్కినచో దాగిన నూనె బొటబొట కారి నిజము చెప్పును. కాని అందులకు బండి క్రింద వెల్లకిల పరుండవలయును, చొక్కా మాయును. పోయుటకు అరనిమిషము చాలును.

ఏ నూనె పోయవలెనన్న సందేహమునకును షెడ్డువారు ఉదారులే. ఒక బండికి ఎర్రని ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె, ఒక జర్మను బండికి పచ్చనిది, మరియొకదానికి ఆ సంస్థవారి సొంత నూనె అని డబ్బా మూతమీదనే అచ్చువేసి యుండగా, “అన్నీ ఒకటే సార్” అను అద్వైతమును ప్రబోధింతురు. ఈ అద్వైతము ముదిరి బ్రేకు నూనెను గూడ అందు పోయు మహానుభావులు గలరు. దానికోర్వలేని సీళ్లు ఉబ్బి చెడినపుడు, “ర్యాకే పోయింది” అని తామే సంతాపము ప్రకటింతురు. లీకు నాపునని సీసాలో అమ్ము తీర్థము సంగతి వేరుగా చెప్పనేల? అదియు రబ్బరును మెత్తపరచి ఉబ్బించునదే; కొన్నాళ్లు లీకు కట్టును, పిదప మెత్తబడిన సీలు చిరుగును, అప్పటికి సీసా అమ్మినవాడు మరియొక భక్తునకు అమ్ముచుండును.

ముందు టైర్లలో గాలి తగ్గినను స్టీరింగు బరువెక్కునని, పంపు రొద పెట్టుట నూనెలో గాలి చేరుటవలనను కావచ్చునని, ముందు చక్రములను జాకీపై లేపి, ఇంజను ఆపి, డబ్బాలో నూనె తరుగకుండ చూచుకొనుచు స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా త్రిప్పినచో ఆ గాలి బుడగలై వెడలిపోవునని తెలిసినవారు విజయవాడ ఆటోనగరులో లేకపోలేదు. అయితే అట్టివారికడ నిలుచు ఓపిక మనకేది? స్టీరింగును కొస వరకు త్రిప్పి, అట్లే అదిమిపట్టి ఫోనులో మాటలాడుచు, లోపల నూనె కుతకుతలాడించుచున్న యజమానులకు శీఘ్ర దర్శనమే ప్రియము.

ఇక 1988లో సుజుకి సెర్వోతో మొదలై నేడు చిన్నబండ్లలో చాలవరకు వ్యాపించిన ఎలక్ట్రిక్ స్టీరింగునకు నూనెయే లేదు, డబ్బాయును లేదు. మోటారు, సెన్సారు, బ్యాటరీ, అంతే. అట్టి బండిగల నా మిత్రుని సర్వీసు బిల్లులో “స్టీరింగ్ ఆయిల్” అని యుండగా, ఎక్కడ పోసితివయ్యా అని మెకానిక్కును నేనడిగితిని. “లోపల సార్” అని అతడు వినయముగా సెలవిచ్చెను. డబ్బు చెల్లించిన మిత్రుడు మాత్రము నాటినుండి స్టీరింగు వెన్నవలె తిరుగుచున్నదని నేటికిని ఎదురైన వారికెల్ల చెప్పుచున్నాడు.